మరమరాల్లో మంచుదిమ్మ

నేను ఒక కొక్కేన్ని. బావిలో పడ్డ బొక్కెన తీసే గాలాన్ని కాదు, మాంసం కొట్లో వేలాడే కొంకీనీ కాదు. ఐసు కొక్కేన్ని. మనిషి నడుం ఎత్తు ఇనప కడ్డీ, ఒక చివర వంపు తిరిగిన మొన, రెండో చివర అడ్డంగా తుమ్మకర్ర పిడి. చూడ్డానికి అంతే. అయినా సరే, హిమాలయాల దాకా వెళ్ళి అక్కడి మంచులో మొన దించి వచ్చిన కొక్కెం మీ ఎరుకలో ఇంకొకటి ఉంటే చెప్పండి, తల దించుకుంటాను. ఉండదు. అందుకే నా కథ నేనే చెప్పుకుంటున్నాను. సిగ్గెందుకు? మనుషులు తిరుపతి వెళ్ళొస్తేనే వీధంతా వినపడేలా చెప్పుకుంటారు కదా!

పుట్టింది పాలకొల్లులో ఒక కొలిమి దగ్గర. అంతకు ముందు ఏదో లారీ అడుగున కడ్డీగా పడి ఉండేదాన్నట. ఆ కాలం నాకు గుర్తు లేదు. కమ్మరి నన్ను ఎర్రగా కాల్చి, సమ్మెటతో బాది, వంచి, మొన తీసి, ఒక్కసారిగా నీళ్ళతొట్టిలో ముంచాడు. చుయ్యిమని నేను పెట్టిన కేక మాత్రం ఇప్పటికీ గుర్తే. ఆ వేడి చల్లారిందో లేదో, నరసాపురం దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీ వాళ్ళొచ్చి కొనుక్కుపోయారు. నిప్పులోంచి నీళ్ళలోకి, నీళ్ళలోంచి ఐసులోకి. నా జాతకం అలా రాసిపెట్టి ఉంది.

ఐసు ఫ్యాక్టరీ లోపల మీరు చూసి ఉండరు. పెద్ద తొట్టి నిండా ఉప్పునీళ్ళు, వాటి మధ్య అమ్మోనియా గొట్టాలు. ఉప్పునీళ్ళు గడ్డకట్టవు గానీ, వాటిలో దించిన రేకు డబ్బాల్లో మంచినీళ్ళు రాయిలా గడ్డకడతాయి. డబ్బా పైకి లాగి, మామూలు నీళ్ళలో ఒక ముంచు ముంచి బోర్లిస్తే దిమ్మ జర్రున జారి నేల మీదికొస్తుంది. అక్కణ్ణుంచి నా పని. దిమ్మకి మొన తగిలించి లారీ దాకా లాక్కుపోవాలి. దానికి బలం కాదు, ఒడుపు కావాలి. మొదట్లో నన్ను పట్టుకున్నవాడొకడు దిమ్మని గొడ్డలితో నరికినట్టు నరికేవాడు. దిమ్మ పగిలేది, వాడు జారి వెల్లకిలా పడేవాడు, తిట్లు మాత్రం నాకు. ఆడలేక మద్దెల ఓడన్నాడట, అలాంటివాడే.

తర్వాత ఆదిమూర్తి చేతికి వచ్చాను. ఆహా, చెయ్యంటే అదీ! సన్నటి మనిషి, మాట తక్కువ, వేళ్ళు మాత్రం ఎప్పుడూ చల్లగా, ముడతలు పడి ఉండేవి. దిమ్మ మీద నా మొనతో టక్కున ఒక్కటి కొట్టి చెవి వంచేవాడు. ఖంగుమంటే మంచి దిమ్మ. బొదబొదమంటే నడిమధ్య తెల్లగా గాలి పట్టిన దిమ్మ. "గాలైసు. దీన్ని పక్కన పెట్టండ్రా, ఇట్టే కరిగిపోద్ది, రొయ్యలోళ్ళు తిట్టిపోస్తారు" అనేవాడు. దూరం వెళ్ళే దిమ్మలకి చుట్టూ ధాన్యపు ఊక దట్టించి గోనె కప్పేవాడు. ఐసుకి ఊకని మించిన దుప్పటి లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే నా కథలో గొడవంతా వచ్చిపడింది, చెబుతాను.

ఒక వేసవిలో గొట్టం పగిలి అమ్మోనియా బయటికి తన్నుకొచ్చింది. అందరూ ముక్కులు మూసుకుని రోడ్డు మీదికి పరిగెత్తితే, ఈయన తడిగుడ్డ మొహానికి కట్టుకుని లోపలికెళ్ళి వాల్వు కట్టేసి వచ్చాడు. ప్రాణం దక్కింది. ఊపిరి మాత్రం మునుపటిలా లేదు. నాలుగు మెట్లెక్కితే ఆగి, గోడ పట్టుకుని, ఏదో చూస్తున్నట్టు నటించేవాడు.

ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో ఒక కేలండరు ఉండేది. దాని మీద కొండల నడుమ మంచు నదిలా దిగివస్తున్న బొమ్మ. ఏడాది అయిపోయినా ఆదిమూర్తి దాన్ని తియ్యనివ్వలేదు. "ఉప్పు లేదు, అమ్మోనియా లేదు, కరెంటు లేదు. ఎవడేశాడ్రా అంతలేసి దిమ్మ?" అని మురిసిపోయేవాడు. "ఒక్కసారి ఎల్లి దాన్ని కొట్టి మోత వినాలి." వింటున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను నవ్వలేదు, నాకూ అదే కోరిక పుట్టింది. మనుషులు చేసిన ఐసుతోనే బతుకంతా గడిపినదాన్ని, అసలు ఐసుని ఒక్కసారి చూడొద్దూ?

ఆయన పని మానేసిన రోజు యజమాని శాలువా కప్పి, ఇంకేం కావాలని అడిగాడు. ఆదిమూర్తి నన్ను ఇమ్మన్నాడు. ఇంటికి తీసుకొచ్చి గుమ్మం పక్కన ఆనించేసరికి, లోపల్నుంచి ఆయన భార్య భూలక్ష్మి వచ్చి నడుం మీద చేతులేసుకుంది. "అందరూ గోడ గడియారాలు తెచ్చుకుంటారు, మీరేంటండీ ఈ ఇనప ముక్క? ఇన్నాళ్ళూ మీరు దాంతో కాపరం చేసింది చాలక ఇప్పుడు నా ఇంటికే తెచ్చారా సవతిని?"

సవతి! నేను! నాకు తెగ నచ్చేసింది ఆవిడ.

భూలక్ష్మికి ఐసంటే పడదు. ఫ్యాక్టరీ గుమ్మం ఏనాడూ తొక్కలేదు, చల్లటి నీళ్ళు నోట పొయ్యదు. పెళ్ళైన కొత్తలో మొగుడు పని నుంచి వచ్చి చెంప మీద చెయ్యి వేస్తే కెవ్వుమని ఎగిరిపడిందట. అప్పట్నుంచీ ఆయన ఇంటికి రాగానే చేతులు పొయ్యి దగ్గర కాచుకుని గానీ ఆవిణ్ణి ముట్టుకునేవాడు కాదు. ఈ సంగతి ఆవిడే పక్కింటావిడతో నవ్వుతూ చెబుతుంటే విన్నాను.

ఊళ్ళోవాళ్ళు కలిసి బదరీ యాత్రకి బస్సు కట్టించుకుంటున్నారంటే భూలక్ష్మి ముందుగా పేరిచ్చింది. వెంట వంటవాళ్ళు, పప్పు, ఉప్పు, ఊరగాయ జాడీలతో సహా వెళ్ళే బస్సు. దారిలో ఒక కొండపల్లెలో ఒకరోజు ఆగుతారనీ, ఓపికున్నవాళ్ళు నడిచి సరస్సులూ మంచునదీ చూసి రావచ్చనీ మేనేజరు చెప్పాడు. అంతే, ఆదిమూర్తి కూడా పేరిచ్చేశాడు. ఆవిడ దేవుడి కోసం, ఆయన ఐసు కోసం. డాక్టరుని అడిగితే వద్దంటాడని అడగనే లేదు. చేతికర్ర అని చెప్పి నన్ను బస్సెక్కించాడు. ఒక చిన్న గోనెసంచీ నిండా ఊక కూడా మూతి కట్టి సీటు కింద పెట్టుకున్నాడు. అక్కడి ఐసు ముక్క ఒకటి బస దాకా దించి, తీరిగ్గా కూర్చుని చూసుకోవాలని ఆయన ప్లాను. భార్యకి చెప్పలేదు. చెబితే వేళాకోళం చేస్తుందని భయం.

ఎన్ని ఊళ్ళు దాటామో, ఎన్ని నదులు దాటామో! చివరికి ఆ కొండపల్లె చేరాం. దాని పేరు నాకు నోరు తిరగదు. నోరుంటేగా తిరగడానికి! సాయంత్రపు ఎండలో తలెత్తి చూస్తే రెండు నల్లటి కొండల మధ్య తెల్లగా, వంకరగా ఏదో దిగివస్తోంది. కేలండరులో బొమ్మ! అదే! ఆదిమూర్తి వేళ్ళు నా పిడి మీద బిగుసుకున్నాయి. "అదుగోనే" అన్నాడు భార్యతో. అంతే అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. మాటకి సరిపడా ఊపిరి లేదు. మోకాళ్ళు మడిచి అక్కడే కూలబడ్డాడు.

ఆ పల్లెలో చిన్న వైద్యశాల ఉంది. అక్కడి నర్సమ్మ వేలికి ఏదో తగిలించి చూసి, మొహం చిట్లించి, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టింది. మేనేజరు తెలుగులో చెప్పాడు: "రేపు మంచం దిగకూడదంట. ఎల్లుండి తెల్లారగానే బస్సు కిందికి దిగిపోతుంది. కిందికెళ్తే సర్దుకుంటారంట. పైకి మాత్రం ఒక్కడుగు కూడా వద్దన్నారు."

తెల్లవారింది. బస్సులో కొంతమంది నడవడానికి తయారవుతున్న అలికిడి. ఆదిమూర్తి గొట్టం తీసి పక్కన పెట్టి, చడీచప్పుడు లేకుండా లేచి, నన్ను పట్టుకుని తలుపు దాకా వచ్చాడు. నా మీద ఆయన బరువంతా ఉంది. గడప దగ్గరే ఆగిపోయాడు. వెనక నుంచి భూలక్ష్మి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆయన్ని మెల్లగా మంచం మీద కూర్చోబెట్టి గొట్టం మళ్ళీ పెట్టింది. అప్పుడు చూశాను, ఆ మనిషి కళ్ళల్లో నీళ్ళు. ఊపిరితిత్తులు కాలిన రోజున కూడా ఏడవనివాడు.

"ఇంత దూరం వచ్చి..." అన్నాడు. "అదుగో, కనపడతానే ఉంది. ముట్టుకోకుండా పోతానేంటే?"

భూలక్ష్మి కొంగు బొడ్లో దోపింది. "ఏం కావాలో చెప్పండి. నేనెళ్ళొస్తా."

"నువ్వా? నీకు ఐసంటే పడదుగా!"

"నాకు పడకపోతే దానికేం తెలుస్తుంది? చెప్పండి ముందు, వాళ్ళు ఎల్లిపోతారు."

ఆయన మొహం వెలిగిపోయింది. చెప్పాడు, ఆగి ఆగి, ఊపిరి పీల్చుకుంటూ. ముందు కొట్టి మోత వినాలి. పైపైన గుల్లగా ఉన్నది వద్దు, లోపలిది కావాలి. దిమ్మని నరకకూడదు, మొన తగిలించి ఒంటి బరువు వెనక్కి వెయ్యాలి. "సీటు కింద గోనెసంచీలో ఊకుంది. నడిమధ్యన ఐసు పెట్టి చుట్టూ దట్టించు. గాలి దూరనియ్యకు. సాయంత్రానికి నిమ్మకాయంత మిగిలినా చాలే. ఒక్కసారి చేత్తో పట్టుకుంటా."

ఊక మాట వినగానే భూలక్ష్మి మొహంలో రంగు మారింది. నాకు తెలుసు ఎందుకో. హరిద్వారంలో ఆవిడ ఆ సంచీ విప్పింది. లోపల ఊక చూసి, వంటవాళ్ళు పాత్రలు తోముకోడానికి తెచ్చుకున్న చెత్తనుకుని, మొత్తం ఒక ఆవు ముందు బోర్లించేసింది. ఆ ఆవు వాసన చూసి మొహం తిప్పుకుంది కూడా. ఆ ఖాళీ సంచీలో ఆవిడ తన మరమరాలు పోసి మూతి కట్టింది. పళ్ళు కదులుతున్న ముసలాళ్ళకి పనికొస్తాయని ఇంటి దగ్గర్నుంచి మోసుకొచ్చిన మరమరాలు. చెప్పాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం నిలబడి, "అలాగేనండి" అనేసి, సంచీ భుజాన వేసుకుని, నన్ను చేతపట్టుకుని బయటపడింది. గోవిందా! ఇద్దరం బయల్దేరాం!

దారి చూపడానికి వచ్చినవాడు బీర్ సింగ్. నెరిసిన మీసం, ఉన్ని టోపీ. ఏటా తెలుగు బస్సులు వస్తుంటాయి గనక "మెల్లిగా అమ్మా", "నీళ్ళు తాగండి", "ఇంకా కొంచెమే" అనే మూడు ముక్కలు నేర్చుకున్నాడు. మూడోది పచ్చి అబద్ధమని కాసేపట్లోనే తెలిసింది. మిగతాదంతా ఆయన హిందీలో, ఆవిడ తెలుగులో. ఒకరి మాట ఒకరికి రాదు, అయినా సంభాషణ ఆగలేదు.

ముందంతా పచ్చిక. పసుపు పూలు, ఊదా పూలు, కాలు పెట్టడానికి చోటు లేనన్ని పూలు. "అయ్యో, తొక్కేస్తున్నామే" అని భూలక్ష్మి పక్కకి గెంతితే అక్కడా పూలే. తర్వాత వాగు, దాని మీద రెండు దుంగలు వేసిన వంతెన. కింద నీళ్ళు పాల నురగలా పరిగెడుతున్నాయి. బస్సువాళ్ళలో సగంమంది అక్కడే దణ్ణం పెట్టి కూర్చున్నారు. భూలక్ష్మి నన్ను ముందుకి చాచి దుంగ మీద నా మొన గుచ్చి, "ఏడుకొండలవాడా, ఇది ఎనిమిదో కొండ, నువ్వే చూసుకో" అంటూ దాటేసింది. నా గుండె... గుండె లేదు గానీ, ఉంటే ఆగిపోయేది.

ఇంక ఎక్కుడే ఎక్కుడు. రాళ్ళు, మలుపులు, మళ్ళీ రాళ్ళు. ఆవిడ ఆయాసం నా పిడిలోకి దిగుతోంది. నాకొక సంగతి తట్టింది. ఇన్నేళ్ళూ నేను దిమ్మల్ని లాగాను, మనిషిని లాగడం ఇదే మొదలు. ఈ మనిషి ఏ దిమ్మకన్నా బరువు, పైగా మాట్లాడుతుంది. "ఏం బాబూ, ఇంకా ఎంతుంది?" "ఇంకా కొంచెమే!" "నీ కొంచెం పాడుగానూ, ఇందాకా ఇదే చెప్పావు!" బీర్ సింగ్ పకపకా నవ్వాడు. తిట్టు ఏ భాషలోనైనా అర్థమవుతుంది కాబోలు.

ఆఖరి గట్టు ఎక్కి తలెత్తేసరికి, అబ్బ! కింది సరస్సు. ఆకుపచ్చ! పచ్చంటే పచ్చ కాదు, నెమలి మెడ మీద మెరిసే ఆకుపచ్చ. కొండలన్నీ తలకిందులుగా అందులో నిలబడి ఉన్నాయి. భూలక్ష్మి అరిచేసింది: "ఓరి నాయనో! ఏవండీ, చూడండీ!" అని వెనక్కి తిరిగింది. వెనక ఆయన లేడు. నన్ను గట్టిగా పట్టుకుని, "పదవే, ఆయనకి చూపించాల్సింది ఇంకా పైనుంది" అంది. బీర్ సింగ్‌తో కాదు, నాతో! సవతితో మాట కలిపింది. ఆ మాట విన్నాక నాకు ఏనుగంత బలం వచ్చింది.

మిగిలినవాళ్ళంతా ఆ సరస్సు ఒడ్డునే పులిహోర పొట్లాలు విప్పారు. పైకి వెళ్ళింది మేం ముగ్గురమే. ఆవిడ, బీర్ సింగ్, నేను. గాలి చల్లబడింది, పూలు ఆగిపోయాయి, నేలంతా నల్లటి కంకర. ఆ కంకర గుట్ట దాటగానే రెండో సరస్సు. ఇది పచ్చ కాదు, పాలు కలిపిన నీలం. దాని అవతలి ఒడ్డున, కొండంత ఎత్తున...

"ఇదా?" అంది భూలక్ష్మి.

నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకున్నాను. దూరం నుంచి తెల్లటి వెండి నది. దగ్గరికొస్తే మట్టి, రాళ్ళు, కంకర నెత్తిన వేసుకున్న మురికి గోడ. మా ఫ్యాక్టరీలో ఇలాంటి దిమ్మ వస్తే యజమాని చిందులు తొక్కేవాడు. "దీని కోసమా ఈయన గోల? మా వీధి చివర రోడ్డుకి పోసిన కంకర కుప్ప ఇంతకన్నా శుభ్రంగా ఉంటుంది!" అని ఆవిడ విసుక్కుంటూ ఉండగానే, ధడాలుమని మోత. భూమి దద్దరిల్లింది. ఆ గోడలోంచి ఇంటంత ముక్క విడిపడి సరస్సులోకి కూలింది. నీళ్ళు ఎగిశాయి. ముక్క ఊడిన చోట లోపలంతా నీలం! దీపం పెట్టినట్టు వెలుగుతున్న నీలం! అదీ! అదీ ఐసంటే! ఉప్పు లేదు, అమ్మోనియా లేదు!

భూలక్ష్మి గోడ వైపు అడుగేసింది. బీర్ సింగ్ పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. చేతులు అడ్డంగా ఊపాడు. దగ్గరికి వెళ్తే మీద పడుతుంది, వెళ్ళనివ్వనన్నాడు. ఆవిడ బతిమాలింది. ఆయన కదల్లేదు. ముక్క పడ్డ చోటు చూసినదాన్ని, నేనైతే ఆయన్నే సమర్థిస్తాను.

"మరెలా?" అని ఆవిడ కంకర మీద కూలబడింది. "ఒట్టి చేతుల్తో పోయి ఆ మనిషి మొహం ఎలా చూడను?"

అప్పుడే అలలు వచ్చాయి. ఇందాక కూలిన ముక్క లేపిన అలలు. వాటితో పాటు తేలుతూ, తిరుగుతూ, చిన్నాపెద్దా ఐసు ముక్కలు మా ఒడ్డు వైపు! భూలక్ష్మి లేచింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపింది. కప్పుకున్న శాలువా ఒక కొస నడుముకి ముడేసుకుని రెండో కొస బీర్ సింగ్ చేతిలో పెట్టింది. "గట్టిగా పట్టుకో బాబూ. వదిలావంటే మా ఆయన నిన్ను వదలడు." ఒడ్డున బండ మీద మోకాళ్ళ మీద కూర్చుని నన్ను ముందుకి చాచింది.

నా జన్మకి ఇంతకన్నా ఏం కావాలి? నీళ్ళలో తేలే దిమ్మ, ఒడ్డున మనిషి, మధ్యలో నేను. కానీ చెయ్యి కొత్తది. మొదటి దెబ్బ నరికినట్టు వేసింది. ముక్క మునిగి దూరంగా లేచింది. రెండో దెబ్బ నీళ్ళకి తగిలింది, ఆవిడ మోచేతి దాకా తడిసి "అమ్మో, చచ్చాను" అని అరిచింది. మంచి ముక్కలు దాటిపోతున్నాయి. తగిలించు తల్లీ, నరకకు అని నేను అరుస్తున్నాను, వినపడితేగా! ఆవిడ ఒక్క క్షణం ఆగింది. పెదాలు కదిపింది. "తగిలించి... బరువు వెనక్కి..." మొగుడి మాటలు. ఈసారి నన్ను మెల్లగా దించి, గుమ్మడికాయంత ముక్క అవతలి వైపు నా మొన ఆనించి, తన బరువంతా వెనక్కి వేసింది.

దిగింది! నా మొన దిగింది! ఫ్యాక్టరీ దిమ్మల్లాగా కరకరమనలేదు. గట్టిగా, మొండిగా, ఎన్నేళ్ళుగానో ఎవరికీ లొంగని ఐసు అది. అయినా వచ్చింది. బీర్ సింగ్ శాలువా లాగాడు, ఆవిడ నన్ను లాగింది, నేను దిమ్మని లాగాను. ముగ్గురం, కాదు నలుగురం, ఒడ్డున పడ్డాం. "గోవిందా!" అని ఆవిడ, "జై బదరీ విశాల్!" అని ఆయన. కొండలు రెండు కేకల్నీ తిరిగి పంపాయి.

భూలక్ష్మి నాతో దాన్ని కొట్టి చెవి వంచింది. మోత ఎలా ఉందో ఆవిడ గుర్తుపెట్టుకుంటుందో లేదోనని నేను కంగారు పడ్డాను. పెట్టుకుంది. కిందికి దిగేదాకా గొణుగుతూనే ఉంది.

ఇక ఊక లేదు. ఆవిడ సంచీ విప్పి మరమరాల్ని చూసింది. పిడికెడు తీసి వేళ్ళ మధ్య నలిపింది. తేలిగ్గా, పొడిగా, గాలి నిండి ఉన్నాయి. "ఊకా వడ్ల నుంచే వచ్చింది, ఇవీ వడ్ల నుంచే వచ్చాయి. అక్కా చెల్లెళ్ళే కదా, ఒకర్తి పని ఇంకోర్తి చెయ్యదా?" అని, సగం మరమరాలు అడుగున పరిచి, దిమ్మ పెట్టి, మిగతా సగం చుట్టూ, పైనా దట్టించి మూతి బిగించింది. దాని మీద తన ఉన్ని శాలువా చుట్టింది. తాను ఒట్టి చీరా జాకెట్టుతో గజగజ వణుకుతోంది. బీర్ సింగ్ తన కోటు విప్పి ఇస్తే దాన్నీ సంచీకే చుట్టబోయింది. ఆయన కోప్పడితే గానీ తొడుక్కోలేదు.

దిగడం చూడాలి! పరుగే. బీర్ సింగ్ వెనక నుంచి "మెల్లిగా అమ్మా" అంటున్నాడు, ఆవిడ వింటేగా. సంచీ మొయ్యడానికి ఎవరికీ ఇవ్వలేదు. కింది సరస్సు దగ్గర మేస్తున్న కంచర గాడిద ఒకటి మరమరాల వాసన పసిగట్టి వెంటపడింది. మూతితో సంచీని పొడుస్తుంటే భూలక్ష్మి నన్ను తిప్పి ఝళిపించింది. "పోవే! ఇది నీ మేత కాదు, మా ఆయన మందు!" వాగు దగ్గరికి వచ్చేసరికి సంచీ అడుగు తడిసింది. ఒక చుక్క, ఇంకో చుక్క. ఆవిడ ఆ చుక్కల్ని చూసి ఏడుపు మొహం పెట్టి, వంతెన దుంగల మీద ఈసారి దేవుణ్ణి తలుచుకోకుండానే దాటేసింది.

వైద్యశాల చేరేసరికి ఎండ కొండ కొమ్ముల మీదికి పోయింది. ఆదిమూర్తి మంచం మీద కూర్చుని తలుపు వైపే చూస్తున్నాడు. పొద్దున్నుంచీ అలాగే కూర్చున్నాడని నర్సమ్మ మొహమే చెప్పింది. భూలక్ష్మి సంచీ ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన మూతి విప్పి లోపలికి చూశాడు.

"ఊకేదే?"

"ఆవుకేశాను. చెత్తనుకుని."

"ఇవేంటి మరి?"

"మరమరాలు."

ఆదిమూర్తి చెయ్యి లోపల పెట్టి తడిమాడు. నేను తలుపుకి ఆని చూస్తున్నాను. నిమ్మకాయంతైనా ఉందా? ఆయన చెయ్యి పైకి వచ్చింది. దోసిట్లో పట్టనంత! కొబ్బరికాయంత! పైనంతా మరమరాలు అంటుకుని, అచ్చం బెల్లం పాకం పట్టిన మరమరాల ఉండలా ఉంది. ఆదిమూర్తి నవ్వడం మొదలెట్టాడు. నవ్వు, దగ్గు, మళ్ళీ నవ్వు. "ముప్పయ్యేళ్ళు ఊక మోశానే! ఇది మాకెవడికీ తట్టలేదు!"

మరమరాలు దులిపి నన్ను అందుకుని, పసిపిల్ల నెత్తిన మొట్టినంత మెల్లగా కొట్టాడు. చెవి వంచాడు. కనుబొమ్మలు పైకి లేచాయి. "గాలైసే ఇది!" అన్నాడు. "మా దగ్గరైతే పక్కన పెట్టేసే సరుకు." భూలక్ష్మి మొహం వాడిపోయింది. ఆయన మాత్రం దాన్ని ఇంకా చెవి దగ్గరికి పెట్టుకున్నాడు. తర్వాత భార్య తల దగ్గరికి లాక్కుని ఇద్దరి చెవుల మధ్యా పెట్టాడు. "విను."

టిక్. టిక్. చిటపట. కరుగుతున్న ఐసులోంచి బుడగలు విడిపోతున్నాయి. ఎప్పుడో మంచు పడ్డప్పుడు లోపల చిక్కుకున్న గాలి. మా తాతల తాతలు కూడా పుట్టని నాటి గాలేమో, ఆ మరమరాల సంచీలో కూర్చుని కిందికి వచ్చి ఇప్పుడు బయటపడుతోంది.

"ఊపిరి తీస్తోందే" అన్నాడు ఆదిమూర్తి. "నాకన్నా బాగా తీస్తోంది."

భూలక్ష్మి ఏడ్చేసింది. ఆయన కంగారుపడి, అలవాటు మరిచిపోయి, ఐసు పట్టుకున్న చెయ్యి అలాగే తీసి ఆవిడ చెంప మీద వేశాడు. నేను బిగుసుకున్నాను. కెవ్వుమంటుంది, ఎగిరిపడుతుంది అనుకున్నాను. ఆవిడ కదల్లేదు. ఆయన చేతి మీద తన చెయ్యి వేసి, గట్టిగా చెంపకి అదుముకుంది.

"కాచుకోవద్దు" అంది. "ఉండనియ్యండి."

ఐసు మొత్తం కరిగేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. తడిసిన మరమరాల్లో ఉల్లిపాయా కారం కలుపుకుని బీర్ సింగ్‌తో సహా తినేశారు.

తర్వాత? బస్సు దిగింది, పైకి వద్దన్నారు గనక వీళ్ళిద్దరికీ బదరీ దర్శనం అవలేదు, దేవుడికి నచ్చజెప్పుకునే పూచీ భూలక్ష్మి తీసుకుంది. కిందికి వచ్చాక ఆదిమూర్తి ఊపిరి సర్దుకుంది. ఇప్పుడు డాక్టరు చెప్పినట్టే వింటున్నాడు, వినకపోతే ఇంట్లో ఊరుకోరు. నేను గుమ్మం పక్కనే ఉంటున్నాను. తుప్పు పట్టి మూల పడతాననుకున్నాను, కొక్కేలకి మామూలుగా అదే గతి. కానీ భూలక్ష్మి నన్ను సైకిలు షాపుకి తీసుకెళ్ళి మొనకి రబ్బరు తొడుగు వేయించింది. రోజూ పొద్దున్నే నన్ను పట్టుకుని కాలవగట్టు మీద గబగబా నడుస్తుంది. పోయినేడు చూసిన మంచుగోడ పైన ఇంకో సరస్సు ఉందని బీర్ సింగ్ మేనేజరుకి ఫోనులో చెప్పాడట. ఆదిమూర్తి అరుగు మీద కూర్చుని గోనెసంచీకి చిరుగులు కుడుతున్నాడు. ఊక ఎక్కడ దొరుకుతుందని ఈసారి ఆయన అడగలేదు. మరమరాలు ఎన్ని శేర్లు కొనాలని అడిగాడు.